ఈఎంఐ కడుతున్నాం సరే... అసలు తగ్గుతోందా?

మొన్న ఒక ఫ్రెండ్ వాట్సాప్‌లో స్క్రీన్‌షాట్ పంపాడు. హౌసింగ్ లోన్ స్టేట్‌మెంట్ అది. కింద ఒకటే లైను: ‘ఏడాదిగా కడుతున్నా. ఇందులో ఏదో తప్పుంది, కాస్త చూడరా.’

లోన్ 30 లక్షలు. వడ్డీ 8.5 శాతం. గడువు 20 ఏళ్లు. నెలకి ఈఎంఐ 26,035 రూపాయలు. పన్నెండు నెలలూ ఒక్కటి కూడా తప్పకుండా కట్టాడు. మొత్తం 3 లక్షల 12 వేల పైచిలుకు. కానీ బాకీ మాత్రం 29 లక్షల 40 వేలు అని చూపిస్తోంది. అంటే తగ్గింది 60 వేలు కూడా లేదు. మిగతా రెండున్నర లక్షలు ఎటుపోయాయి అన్నది వాడి ప్రశ్న.

నేను ఎక్సెల్ తెరిచి లెక్క వేశాను. స్టేట్‌మెంట్‌లో తప్పేమీ లేదు, చక్కగా సరిపోయింది. ఆ మాట చెబితే వాడికి ఇంకా కోపం వచ్చింది. తప్పే ఉండుంటే బాగుండేది, బ్యాంకుకి వెళ్లి గొడవపడేవాణ్ని అన్నాడు.

ఇలా ఆశ్చర్యపోయేవాళ్లు చాలామందే ఉన్నారు. ఈఎంఐ ఎంతో అందరికీ తెలుసు, ఐదో తారీకో పదో తారీకో మెసేజ్ వస్తుంది కాబట్టి. ఆ ఈఎంఐలో వడ్డీ ఎంత, అసలు ఎంత అన్నది మాత్రం చూసేవాళ్లు తక్కువ. ఫైనాన్స్ భాషలో దాన్ని చూపించే పట్టికకి అమార్టైజేషన్ షెడ్యూల్ అని పేరు. పేరు భయపెడుతుంది గానీ లోపల ఉన్నది ఏడో తరగతి లెక్కే.

మొదటి నెల చూద్దాం

30 లక్షల మీద 8.5 శాతం అంటే ఏడాదికి 2 లక్షల 55 వేల వడ్డీ. దాన్ని పన్నెండుతో భాగిస్తే నెలకి 21,250. మీరు కట్టింది 26,035. అందులోంచి ముందు వడ్డీ 21,250 తీసేస్తారు. మిగిలిన 4,785 రూపాయలే అసలులోకి వెళ్తాయి. ఇప్పుడు బాకీ 29,95,215.

రెండో నెల వడ్డీ ఈ కొత్త బాకీ మీదే. 21,216 అవుతుంది. అంటే పోయిన నెల కంటే 34 రూపాయలు తక్కువ. ఆ 34 రూపాయలు అసలు వైపు జరుగుతాయి, 4,819 అవుతుంది. మూడో నెల ఇంకాస్త. ఇలా 240 సార్లు. ఈఎంఐ మారదు, దాని లోపలి వాటాలు మాత్రం నెలనెలా మారుతూ ఉంటాయి. అమార్టైజేషన్ అంటే ఇంతే: ఒక పెద్ద బాకీని లెక్క ప్రకారం, వాయిదాల్లో, సున్నా దాకా కరిగించడం.

కాకపోతే మొదట్లో ఆ కరగడం ఎంత నెమ్మదిగా ఉంటుందో చూస్తే ఒళ్లు మండుతుంది. ఇదే లోన్‌లో ఐదేళ్లు పూర్తయ్యేసరికి మీరు కట్టింది 15 లక్షల 62 వేలు. అందులో అసలు కింద పోయింది 3 లక్షల 56 వేలు మాత్రమే. పదేళ్లు, అంటే సరిగ్గా సగం కాలం గడిచాక కూడా ఇంకా 21 లక్షలు బాకీ ఉంటుంది. ఈఎంఐలో వడ్డీ కంటే అసలు వాటా ఎక్కువయ్యేది ఎప్పుడో తెలుసా? 143వ నెలలో. దాదాపు పన్నెండేళ్లకి! సగం అప్పు తీరేది పదమూడేళ్ల పది నెలలకి.

దీన్ని చూసి ‘బ్యాంకులు ముందే వడ్డీ మొత్తం లాగేసుకుంటాయి’ అని రీల్స్‌లో చెబుతుంటారు. వినడానికి బాగానే ఉంటుంది గానీ నాకు ఆ మాట నచ్చదు. ముందుగా లాగేసుకునేది ఏమీ లేదు. ఆ నెలలో మీ దగ్గర ఎంత బాకీ ఉందో దాని మీద 8.5 శాతం, అంతే. మొదట్లో బాకీ ఎక్కువ, కాబట్టి వడ్డీ ఎక్కువ. నెమ్మదికి అసలు కారణం మనకి ఎంతో ఇష్టమైన మాట: ‘ప్రతినెలా ఒకే మొత్తం’.

వేరే పద్ధతి కూడా ఉండొచ్చు కదా. 30 లక్షల్ని 240 సమాన ముక్కలు చేసి, నెలకి 12,500 అసలు, దాని మీద ఆ నెల వడ్డీ కట్టమంటే? మొత్తం వడ్డీ 25 లక్షల 60 వేలతో అయిపోతుంది. మామూలు ఈఎంఐ పద్ధతిలో అయితే 32 లక్షల 48 వేలు. దాదాపు 7 లక్షల తేడా. కానీ ఆ పద్ధతిలో మొదటి నెల 33,750 కట్టాలి. కొత్తగా ఉద్యోగంలో చేరి, ఇల్లు కొని, పెళ్లి కూడా చేసుకున్నవాడికి మొదటి నెలలే కదా కష్టం! అందుకే ఈఎంఐ. సమానంగా కట్టే సౌకర్యానికి మనం ఇచ్చే ధర ఆ 7 లక్షలు.

గడువు పెంచితే ఈ ధర ఇంకా పెరుగుతుంది. లోన్ ఇప్పించే ఏజెంట్ ‘ముప్పై ఏళ్లు పెట్టుకోండి సార్, ఈఎంఐ తగ్గుతుంది’ అంటాడు. నిజమే, తగ్గుతుంది. 26,035 నుంచి 23,067కి. మూడు వేలు కూడా మిగలవు. మొత్తం వడ్డీ మాత్రం 32.48 లక్షల నుంచి 53 లక్షలు దాటుతుంది. అదే పదిహేనేళ్లు పెట్టుకుంటే ఈఎంఐ 29,542, వడ్డీ 23.18 లక్షలు. నెలకి మూడున్నర వేలు ఎక్కువ కట్టగలిగితే తొమ్మిది లక్షలు మిగులుతాయి. సంతకం పెట్టే ముందు ఈ మూడు అంకెలు పక్కపక్కన పెట్టుకుని చూడమని నేను అందరికీ చెబుతుంటాను. గూగుల్ షీట్స్‌లో పీఎంటీ అనే ఫంక్షన్ ఉంది, ఫోన్లోనే రెండు నిమిషాల పని.

చంపేస్తే పోయేది అప్పు

అమార్టైజేషన్ అనే మాట పుట్టిందే చావు నుంచి. పాత ఫ్రెంచ్‌లో ‘అమార్తీర్’ అంటే చంపడం. దాని వెనక లాటిన్‌లో ‘మార్స్’, అంటే మరణం. మార్ట్‌గేజ్‌లో ఉన్న ‘మార్ట్’ కూడా అదే. అంటే అప్పుని కొంచెం కొంచెంగా చంపడం అన్నమాట. మన ‘అప్పు తీర్చడం’ దీని ముందు ఎంత మర్యాదగా ఉందో!

కానీ మన ఊళ్లలో చాలాకాలం నడిచిన అప్పు ఇలా చచ్చేది కాదు. ప్రోనోటు అప్పు సంగతి ఇంట్లో పెద్దవాళ్లని అడగండి, చెబుతారు. నూటికి రెండు రూపాయల వడ్డీకి లక్ష తెచ్చారనుకుందాం. నెలకి రెండు శాతం, అంటే ఏడాదికి 24 శాతం. ఏడాదికోసారి పంట డబ్బు చేతికొచ్చాక 24 వేలు వడ్డీ కడతారు. అసలు అలాగే ఉంటుంది. మూడేళ్లు దాటితే చట్టప్రకారం నోటుకి కాలదోషం పడుతుంది కాబట్టి ఆలోపే నోటు తిరగరాస్తారు. వడ్డీ కట్టలేకపోతే దాన్నీ అసలులో కలిపి కొత్త నోటు రాస్తారు. చేతిలో డబ్బుండి కొంత కడితే నోటు వెనక ‘చెల్లు’ వేయిస్తారు. బాకీలో అది జమ అయిందనడానికి ఆ రాతే సాక్ష్యం.

ఇప్పుడు లెక్క చూడండి. మూడేళ్లలో 72 వేలు వడ్డీ కట్టారు. లక్ష రూపాయల బాకీలో ఒక్క రూపాయి కూడా తగ్గలేదు. అదే లక్షని, అదే రెండు రూపాయల వడ్డీకి, 36 నెలల వాయిదాల్లో కడితే? నెలకి 3,923. మూడేళ్లకి మొత్తం కట్టేది 1,41,238. వడ్డీ 41 వేలతో సరి, అప్పు కూడా చెల్లు. వడ్డీ రేటు అదే, మనిషి అదే. నెలకి రెండు వేల బదులు నాలుగు వేలు కట్టగలగడం ఒక్కటే తేడా. అది అందరికీ సాధ్యం కాదు, ముఖ్యంగా నెల జీతం లేని రైతుకి. అందుకే ఆ అప్పులు తరం మారినా తీరలేదు. ‘అసలు కంటే వడ్డీ ముద్దు’ అని మనవళ్ల గురించి అంటాం గానీ, ఆ సామెత పుట్టింది ఏ వడ్డీ వ్యాపారి అరుగు మీదో అని నా అనుమానం.

ఇప్పటికీ బంగారం లోన్లలో చాలావరకు ఇదే తీరు. ఏడాది చివర అసలు, వడ్డీ కలిపి కట్టాలి. కట్టలేక వడ్డీ వరకు కట్టి రెన్యువల్ చేయించుకుంటారు. గాజులు లాకర్‌లోనే ఉంటాయి, అప్పు పుస్తకంలోనే ఉంటుంది.

ఫ్లాట్ అనే మాట వినపడితే ఆగండి

నన్నడిగితే అసలు జాగ్రత్తపడాల్సింది హౌసింగ్ లోన్ దగ్గర కాదు. బైక్ షోరూమ్‌లో, ఫర్నిచర్ షాపులో, సెకండ్ హ్యాండ్ కారు దగ్గర. అక్కడ ‘పది శాతమే సార్, ఫ్లాట్’ అంటారు. హౌసింగ్ లోన్ ఎనిమిదిన్నర, ఇది పది. పెద్ద తేడా లేదే అనిపిస్తుంది.

లక్ష రూపాయల లోన్, మూడేళ్లు, పది శాతం ఫ్లాట్. వడ్డీ మూడేళ్లకి 30 వేలు. మొత్తం లక్షా 30 వేలు. 36 తో భాగిస్తే నెలకి 3,611. ఇందులో కిటుకు ఏంటంటే, మీరు నెలనెలా అసలు కూడా తీరుస్తున్నారు. ఏడాదిన్నర గడిచేసరికి మీ దగ్గర ఉన్న వాళ్ల డబ్బు సుమారు సగమే. కానీ వడ్డీ మాత్రం చివరి నెల దాకా మొత్తం లక్ష మీదే వేశారు. మిగిలిన బాకీ మీద మాత్రమే వడ్డీ వేసే పద్ధతిలోకి ఈ 3,611ని మార్చి చూస్తే వచ్చే రేటు 17.9 శాతం. మన పాత లెక్కలో చెప్పాలంటే నూటికి రూపాయిన్నర వడ్డీ. అదే మాట షోరూమ్‌లో అంటే చాలామంది లేచి బయటికి వచ్చేస్తారు. పది శాతం ఫ్లాట్ అంటే కూర్చుని సంతకం పెడతారు.

ఫోన్ల మీద వచ్చే నో కాస్ట్ ఈఎంఐ ఇంకో రకం. వడ్డీ లేని అప్పు అనేది ఉండదని ఆర్‌బీఐ 2013లోనే బ్యాంకులకి చెప్పింది. మరి ఎలా నడుస్తోంది? 30 వేల ఫోన్, ఆరు నెలలు, నెలకి 5 వేలు అనుకుందాం. కార్డు బ్యాంకు 15 శాతం వేస్తే వడ్డీ సుమారు 1,270 అవుతుంది. ఆ 1,270 ని అమ్మేవాళ్లు ముందే డిస్కౌంట్‌గా తగ్గిస్తారు. అంటే మీ లోన్ 28,730. మీరు తిరిగి కట్టేది 30 వేలు. లెక్క సరిపోయింది. కానీ క్రెడిట్ కార్డు వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ ఉంటుంది. అది సుమారు 229 రూపాయలు, మీ మీదే. ప్రాసెసింగ్ ఫీజు ఉంటే అదీ మీ మీదే. పెద్ద మొత్తం కాదనుకోండి. ఒక్కటి మాత్రం అడగండి: ఒకేసారి క్యాష్ కడితే ఎంతకిస్తారు? డిస్కౌంట్ ఉందని తేలితే నో కాస్ట్ ఖరీదు ఎంతో అక్కడే తెలిసిపోతుంది.

సిగ్నల్‌కి కూడా వాయిదాలే

ఫోన్ ప్రస్తావన వచ్చింది కాబట్టి ఇంకో సంగతి. మీ ఫోన్లో వస్తున్న 5జీ సిగ్నల్ కూడా వాయిదాల మీద కొన్నదే. 2022 వేలంలో జియో 88,078 కోట్లకి స్పెక్ట్రమ్ తీసుకుంది. 20 ఏళ్ల హక్కు, 20 సమాన వార్షిక వాయిదాలు, 7.2 శాతం వడ్డీ. ప్రతి ఏడాది మొదట్లోనే కట్టాలి కాబట్టి లెక్క వేస్తే ఏడాదికి సుమారు 7,877 కోట్లు. మొత్తం లక్షా 57 వేల కోట్లు దాటుతుంది. సున్నాలు ఎక్కువ, సూత్రం మాత్రం మా వాడి హౌసింగ్ లోన్‌దే.

కంపెనీల అకౌంట్లలో ఈ మాటకి ఇంకో అర్థం కూడా ఉంది. చేత్తో పట్టుకోలేని ఆస్తులు, అంటే పేటెంట్, లైసెన్స్, సాఫ్ట్‌వేర్ లాంటివి కొంటే ఆ ఖర్చంతా ఒక్క ఏడాదిలో రాయరు. అది పనికొచ్చే ఏళ్లకి పరిచి, ఏడాదికి కొంత చొప్పున రాస్తారు. దాన్నీ అమార్టైజేషన్ అనే అంటారు. లారీ, మెషీన్ లాంటి వాటికైతే తరుగుదల అంటాం కదా, దానికి ఇది తోబుట్టువు.

ఫుట్‌బాల్ చూసేవాళ్లకి చెల్సీ కథ తెలిసే ఉంటుంది. 2023 జనవరి చివర్లో ఎంజో ఫెర్నాండెజ్‌ని 10 కోట్ల 68 లక్షల పౌండ్లకి కొని, ఎనిమిదిన్నరేళ్ల కాంట్రాక్ట్ ఇచ్చారు. అంత పొడుగు కాంట్రాక్ట్ ఎందుకు? ఆటగాణ్ని కొన్న ఖర్చుని కాంట్రాక్ట్ ఎన్నేళ్లుంటే అన్నేళ్లకి పరచొచ్చు కాబట్టి. ఎనిమిదిన్నరేళ్లకి పరిస్తే ఏడాదికి కోటీ 26 లక్షల పౌండ్ల లోపే పడుతుంది, ఐదేళ్లకైతే 2 కోట్ల 14 లక్షలు. ఖర్చుల మీద పరిమితులు ఉన్న లీగ్‌లో అది చాలా పెద్ద వెసులుబాటు. చివరికి యూరప్ ఫుట్‌బాల్ సంఘం ఆ ఏడాదే ఐదేళ్లకి మించి పరచకూడదని రూల్ పెట్టింది. కట్టాల్సిన డబ్బు ఒక్క పౌండు కూడా తగ్గలేదు, ఏ ఏడాది లెక్కలో ఎంత కనపడాలన్నదే మారింది. ముప్పై ఏళ్ల హౌసింగ్ లోన్ చేసేది కూడా ఇలాంటిదే. కాకపోతే మన విషయంలో ఎంత ఎక్కువ పరిస్తే అంత ఎక్కువ వడ్డీ కూడా పడుతుంది.

లక్ష చేతిలో ఉంటే

మా వాడి దగ్గరికే వద్దాం. కోపం తగ్గాక వాడు అడిగిన రెండో ప్రశ్న: ‘బోనస్ లక్ష వచ్చింది. లోన్‌లో వేసేయనా?’

ఇప్పుడు, అంటే ఏడాది పూర్తయ్యాక లక్ష అసలులో కట్టి, ఈఎంఐ అలాగే ఉంచితే లోన్ 18 నెలల ముందే అయిపోతుంది. మిగిలే వడ్డీ సుమారు 3 లక్షల 70 వేలు. అదే లక్ష పదిహేనేళ్లు పూర్తయ్యాక కడితే మిగిలేది సుమారు 50 వేలే. రెండు సందర్భాల్లోనూ ఆ లక్ష మీకు సంపాదించి పెడుతున్నది అదే 8.5 శాతం. మొదటి దానికి పని చేయడానికి ఎక్కువ ఏళ్లు దొరికాయి, అంతే తేడా.

ఇక్కడ ఒక మెలిక ఉంది. లక్ష కట్టాక బ్యాంకు ‘ఈఎంఐ తగ్గించమంటారా, గడువు తగ్గించమంటారా’ అని అడుగుతుంది. ఈఎంఐ తగ్గించుకుంటే నెలకి 885 రూపాయలు మిగులుతాయి. గడువు అంతే ఉంటుంది. చివరికి మిగిలే వడ్డీ లక్ష చిల్లర. గడువు తగ్గించుకుంటే 3 లక్షల 70 వేలు. ఇబ్బంది లేనప్పుడు గడువు తగ్గించుకోవడమే మేలని నా అభిప్రాయం. ఆ 885తో ఏం చేస్తాం, రెండు స్విగ్గీ ఆర్డర్లు!

మరి కట్టేయాలా? వాణ్ని ముందు రెండు అడిగాను. క్రెడిట్ కార్డు మీద బాకీ ఏమైనా ఉందా? చాలా కార్డుల్లో బాకీ ఉంచితే నెలకి మూడు రూపాయల పైనే వడ్డీ పడుతుంది. అది ఉండగా ఎనిమిదిన్నర శాతం లోన్ గురించి ఆలోచించడం అనవసరం. రెండోది, ఉద్యోగం పోతే ఆరు నెలలు గడవడానికి పక్కన డబ్బుందా? లోన్‌లో వేసిన లక్షని మళ్లీ కావాలంటే బ్యాంకు తిరిగివ్వదు. ఓవర్‌డ్రాఫ్ట్ తరహా హౌసింగ్ లోన్లలో తప్ప. పన్ను సంగతి కూడా ఉంది. పాత పన్ను విధానంలో ఉన్నవాళ్లకి తాము ఉంటున్న ఇంటి లోన్ వడ్డీ మీద ఏడాదికి 2 లక్షల దాకా మినహాయింపు దొరుకుతుంది. కొత్త విధానంలో అది లేదు. మా వాడు కొత్త విధానంలోనే ఉన్నాడు, కార్డు బాకీ లేదు, ఆరు నెలల డబ్బు ఉంది. కట్టేశాడు. మారే వడ్డీ రేటు మీద ఉన్న హౌసింగ్ లోన్‌ని ముందే తీర్చినందుకు బ్యాంకులు వ్యక్తుల దగ్గర జరిమానా వసూలు చేయకూడదు. ఆ రూల్ ఎప్పటినుంచో ఉంది.

బాకీ పెరిగే ఈఎంఐ

ఇంతవరకు వడ్డీ రేటు మారదనుకుని లెక్కలు వేశాం. కానీ మన హౌసింగ్ లోన్లు చాలావరకు రెపో రేటుకి ముడిపడి ఉంటాయి. 2022 మే నుంచి 2023 ఫిబ్రవరి లోపు రెపో 4 శాతం నుంచి 6.5కి వెళ్లింది. అప్పుడు కొన్ని లోన్లలో జరిగింది చూస్తే ఎవరికైనా నిద్రపట్టదు.

పెరగడానికి కాస్త ముందు 6.7 శాతానికి 30 లక్షలు, 20 ఏళ్లకి తీసుకున్న మనిషిని ఊహించుకోండి. ఈఎంఐ 22,722. రేటు రెండున్నర పెరిగి 9.2 అయింది. 30 లక్షల మీద 9.2 శాతం అంటే ఒక నెల వడ్డీయే 23,000. ఈఎంఐ కంటే ఎక్కువ! అంటే పాత ఈఎంఐ తప్పకుండా కడుతూనే ఉన్నా బాకీ పెరుగుతుంది. దీన్నే నెగటివ్ అమార్టైజేషన్ అంటారు. కొంత కట్టేశాడు, బాకీ 29 లక్షల 30 వేలకి దిగింది అనుకున్నా, అదే ఈఎంఐతో ఆ అప్పు తీరడానికి దాదాపు 49 ఏళ్లు పడుతుంది. ముప్పైలో ఇల్లు కొన్నవాడు దాదాపు ఎనభై దాకా కట్టాలి.

రేటు పెరిగినప్పుడు ఈఎంఐ పెంచకుండా గడువు సాగదీయడం బ్యాంకులకి తేలిక. కస్టమర్‌కి నొప్పి తెలియదు. మెసేజ్ వచ్చినా ఎవరూ చదవరు. అందుకే ఆర్‌బీఐ 2023 ఆగస్టు 18న ఒక సర్క్యులర్ ఇచ్చింది. రేటు మారినప్పుడు ఈఎంఐ పెంచుకుంటారా, గడువు పెంచుకుంటారా, రెండూ కొంచెం కొంచెంగానా అన్నది కస్టమరే ఎంచుకునేలా అవకాశం ఇవ్వాలి. గడువు పెంచడం వల్ల బాకీ పెరిగే పరిస్థితి రాకూడదు. ఇప్పటిదాకా ఎంత అసలు, ఎంత వడ్డీ కట్టారు, ఇంకా ఎన్ని ఈఎంఐలు ఉన్నాయి అన్నది మూడు నెలలకోసారి స్టేట్‌మెంట్‌లో చెప్పాలి.

ఆ ‘ఇంకా ఎన్ని ఈఎంఐలు’ అన్న అంకెని చూడటం అలవాటు చేసుకోండి. మీ బ్యాంకు యాప్‌లో లోన్ డీటెయిల్స్ కిందే ఎక్కడో ఉంటుంది. నెలకి ఒకటి చొప్పున తగ్గుతూ ఉండాలి. ఏదో ఒక నెలలో 228 కాస్తా 251 అయి కనిపిస్తే, మీకు చెప్పో చెప్పకుండానో గడువు సాగిందన్నమాట. 2025లో రెపో మళ్లీ దిగింది. ఫిబ్రవరిలో 6.5 నుంచి మొదలై డిసెంబర్‌కి 5.25. అప్పుడు సాగిన గడువు ఇప్పుడు తిరిగి ముడుచుకుందో లేదో ఒకసారి సరిచూసుకోవడం మంచిది.

కొత్తగా లోన్ తీసుకునేవాళ్లకి ఇంకో ఆయుధం ఉంది. 2024 అక్టోబర్ 1 నుంచి ప్రతి రిటైల్ లోన్‌కీ ‘కీ ఫ్యాక్ట్స్ స్టేట్‌మెంట్’ అనే కాగితం ఇవ్వాలి. ఫీజులు, ఛార్జీలు అన్నీ కలిపి ఏడాదికి అసలు ఎంత శాతం పడుతుందో అందులో ఉండాలి. ఫ్లాట్ రేటు మాయ అక్కడ చెల్లదు. మొదటి నెల నుంచి చివరి నెల దాకా అమార్టైజేషన్ షెడ్యూల్ కూడా జతచేయాలి. పైగా అది తీసుకునేవాళ్లకి అర్థమయ్యే భాషలో ఉండాలని ఆర్‌బీఐ చెప్పింది. కాబట్టి తెలుగులో కావాలని అడగడం మొహమాటపడాల్సిన విషయం కాదు. అమ్మానాన్నలు కో అప్లికెంట్లుగా సంతకం పెడుతుంటే మరీనూ.

మా వాడు షెడ్యూల్ ప్రింట్ తీయించి బీరువా తలుపు లోపల అంటించాడట. వాళ్లావిడ నెలనెలా ఒక్కో గడి కొట్టేస్తోంది. లక్ష కట్టిన రోజు పద్దెనిమిది గడులు ఒకేసారి కొట్టేశారు, కింద నుంచి పైకి. పట్టికలో అట్టడుగున ఉన్న ఈఎంఐలో వడ్డీ 183 రూపాయలు, మిగతా పాతిక వేల చిల్లర అంతా అసలే. అది కట్టాక ఇంటి కాగితాల కోసం తిరగాల్సిన పని కూడా ఉండకూడదు. అప్పు పూర్తిగా తీరిన 30 రోజుల్లోపు ఒరిజినల్ పత్రాలు తిరిగివ్వాలి. బ్యాంకు వైపు నుంచి ఆలస్యమైతే రోజుకి 5,000 రూపాయల చొప్పున వాళ్లే మీకు కట్టాలి. 2023 డిసెంబర్ నుంచి ఇది అమల్లో ఉంది.